పొట్టి జీపా? పొడుగు జీపా?

చాగలమర్రి రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి అది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, మధ్యమధ్య జీపులు పోతుంటాయి. ఆ జీపుల్లో కొన్ని పొట్టిగా గుజ్జుగా ఉంటాయి. కొన్ని అదే ముఖంతో, అవే చక్రాలతో, మధ్యలో మాత్రం సాగదీసినట్లు పొడుగ్గా ఉంటాయి. ఒకే రకం బండిని రెండు పొడవుల్లో ఎందుకు చేస్తారు? అడవి బాటకు ఏది మంచిది? జనాన్ని తీసుకుపోవడానికి ఏది మంచిది? ఇందుకు మోటారు శాస్త్రమేమీ చదవనక్కరలేదు. మీరు తరగతిలో నేర్చుకున్న కోణాలు, అనుపాతాలు, భ్రామకాలు చాలు.

ఇరుసు నుంచి ఇరుసుకు

బండి పొడవు అనగానే ముందు బంపరు నుంచి వెనుక బంపరు దాకా అనుకుంటాం. ఇక్కడ మనకు కావలసింది అది కాదు. ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసు దాకా ఉన్న దూరం. మెకానిక్కులు దీనిని వీల్‌బేస్ అంటారు. మనం ఇరుసుల దూరం అనుకుందాం.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపుకు ఈ దూరం 80 అంగుళాలు, అంటే 2,032 మిల్లీమీటర్లు. యుద్ధం ముగిశాక 1948లో ఇంగ్లండులో వచ్చిన లాండ్‌రోవర్‌కు కూడా 80 అంగుళాలే. అయితే మనుషులకూ సామానుకూ ఆ చోటు చాలలేదు. 1955లో అమెరికావారు తమ జీపును 20 అంగుళాలు సాగదీసి సి.జె.-6 అనే రకం తెచ్చారు. 1958 నాటికి లాండ్‌రోవర్‌ను 88 అంగుళాలతో ఒకటి, 109 అంగుళాలతో ఒకటి చేస్తున్నారు. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ కూడా ఇలా సాగిన బండే. దాని జపాను మూలరూపానికి ఇరుసుల దూరం 2,030 మి.మీ. అయితే జిప్సీకి 2,375 మి.మీ.

పొట్ట తగిలే మిట్ట

దిగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి గుడికి నల్లమల అడవిలో జీపులు పోతాయి. రాళ్లు, గుంతలు, మిట్టలు నిండిన బాట అది. అలాంటి బాటలో జీపు ఒక మిట్ట ఎక్కిందనుకోండి. ముందు చక్రాలు మిట్ట దాటి అవతల దిగాయి. వెనుక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్నాయి. మిట్ట కొన సరిగ్గా బండి పొట్ట కిందికి వచ్చింది. పొట్ట కొనకు ఆనితే బండి బరువు కొంత దాని మీద పడుతుంది. చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది. అవి తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం కదలదు.

ఎద్దుల బండికి ఈ చిక్కు లేదు. దానికి ఉన్నది ఒకే ఇరుసు. చక్రం ఎక్కడ ఎక్కితే బండి అక్కడ ఎక్కుతుంది. పొలం గట్టును అది సులువుగా దాటడానికి ఇదొక కారణం. రెండు ఇరుసులున్న బండికి వాటి మధ్య ఎంత దూరముంటే పొట్ట తగిలే ప్రమాదం అంత ఎక్కువ.

ఎంత ఎక్కువో లెక్క వేద్దాం. పోల్చడానికి ఒకే బండి రెండు పొడవుల్లో కావాలి. సుజుకీ జిమ్నీ అందుకు చక్కగా సరిపోతుంది. మూడు తలుపుల జిమ్నీకి ఇరుసుల దూరం 2,250 మి.మీ. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి 2,590 మి.మీ. రెండింటికీ నేల నుంచి అడుగుభాగం ఎత్తు 210 మి.మీ.

పొట్ట తగలకుండా దాటగల మిట్ట కోణం పొట్టిదానికి 28 డిగ్రీలు, పొడుగుదానికి 24 డిగ్రీలు అని కంపెనీ లెక్క. 28 డిగ్రీలంటే మిట్టకు రెండు వైపులా 14 డిగ్రీల చొప్పున వాలు ఉన్నా పొట్ట తగలదన్నమాట.

ఇప్పుడు చూడండి. ఎత్తు మారకపోతే, చిన్న కోణాల విషయంలో ఈ కోణం ఇరుసుల దూరానికి దాదాపు విలోమానుపాతంలో ఉంటుంది. 28ని 2,250తో గుణించి 2,590తో భాగించండి. 24.3 వస్తుంది. కంపెనీ చెప్పిన 24కు ఎంత దగ్గరగా ఉందో గమనించారా?

మలుపు తిరిగేటప్పుడు

ముందు చక్రాలను రెండు బండ్లలోనూ ఒకే కోణానికి తిప్పామనుకోండి. బండి తిరిగే వృత్తపు వ్యాసార్ధం ఇరుసుల దూరానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పొట్టి జిమ్నీ వ్యాసార్ధం 4.9 మీటర్లు. దీన్ని 2,590తో గుణించి 2,250తో భాగిస్తే 5.64 వస్తుంది. పొడుగు జిమ్నీకి కంపెనీ చెప్పేది 5.7 మీటర్లు. ఇక్కడా మన లెక్క దాదాపు కుదిరింది.

వృత్తం అడ్డుకొలత తీసుకుంటే ఒకటి 9.8 మీటర్లు, ఒకటి 11.4 మీటర్లు. అడవిలో ఒక పక్క చెట్టు, ఒక పక్క లోయ ఉన్నచోట ఆ మీటరున్నర తేడా తక్కువది కాదు. పొట్టి బండి ఒక్కసారిగా తిరిగే మలుపులో పొడుగు బండి ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు కదలాల్సి రావచ్చు.

పొడుగు బండి గొప్ప

ఇంతవరకు పొట్టి బండే గెలిచింది. తొందరపడి తీర్పు చెప్పకండి.

ముందు చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కిందనుకోండి. పొట్టి జిమ్నీ 225 సెంటీమీటర్లలో 15 లేస్తుంది, అంటే పదిహేనింట ఒకటి. పొడుగుది 259లో 15 లేస్తుంది, సుమారు పదిహేడింట ఒకటి. ఒక్క రాయికి తేడా చిన్నదే. వందల రాళ్లున్న బాటలో అది నడుముకు తెలుస్తుంది. పొడుగు బండిలో మనుషులు రెండు ఇరుసుల మధ్య కూర్చోవడానికి చోటుంటుంది. పొట్టి జీపులో వెనుకవారు దాదాపు వెనుక ఇరుసు మీదే కూర్చోవాలి. ఆ కుదుపంతా వారికే.

జాతీయ రహదారి మీద వేగంగా పోయేటప్పుడు స్టీరింగు కొంచెం తిప్పితే పొట్టి బండి చురుగ్గా పక్కకు తిరుగుతుంది. పొడుగు బండి నిదానంగా తిరుగుతుంది. అడవిలో మెచ్చుకున్న చురుకుదనమే ఇక్కడ డ్రైవరును అలసిపోయేలా చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. నల్లమలలోని ఒక చెంచు గూడెం నుంచి రోగిని ఆసుపత్రికి తేవాలనుకోండి. మనిషిని పడుకోబెట్టాలి, పక్కన ఒకరు కూర్చోవాలి. పొట్టి జీపు గూడెం దాకా సులువుగా పోగలదు గాని అందులో రోగి కాళ్లు చాచుకోవడానికి చోటు చాలదు. పొడుగు జీపులో చోటుంది గాని అది దారిలో మిట్ట మీద చిక్కుకోవచ్చు. బండిని ఎంచుకునేవారు ముందుగా దారిని కొలవాలని దీనివల్ల తెలుస్తుంది. ఆ దారిలో అన్నిటికంటే కోసుగా ఉన్న మిట్ట ఏది? అన్నిటికంటే ఇరుకు మలుపు ఏది? ఆ రెండూ పొడుగు బండి దాటగలిగితే పొడుగుదే ఎంచుకోవాలి. దాటలేకపోతే బాటనైనా బాగుచేయాలి, పొట్టి బండితోనైనా సర్దుకోవాలి.

వెనుక వేలాడితే

పల్లెల్లో జీపు వెనుక మెట్టు మీద నలుగురైదుగురు నిలబడి పోవడం మీరు చూసే ఉంటారు. ఇందులోని ప్రమాదం ఎద్దుల బండి తోలే రైతుకు బాగా తెలుసు. బరువంతా వెనక్కి చేరితే కాడి పైకి లేస్తుంది. ఇరుసు ఆధారంగా బండి తులాదండంలా పనిచేస్తుంది. జీపుకూ అంతే. దానికి వెనుక ఇరుసే ఆధారం.

60 కిలోల మనుషులు అయిదుగురు వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనుక నిలబడ్డారనుకుందాం. 300 కిలోలను 60తో గుణిస్తే 18,000. దీన్ని 225తో భాగిస్తే 80. అంటే పొట్టి బండి ముందు చక్రాల మీద 80 కిలోల బరువు తగ్గిపోతుంది. 259తో భాగిస్తే సుమారు 70. బండిని తిప్పేవి ముందు చక్రాలే. ఏటవాలు ఎక్కేటప్పుడు మామూలుగానే వాటి మీద బరువు తగ్గుతుంది. దానికి ఇదీ తోడైతే స్టీరింగు తిప్పినా చక్రం నేలను సరిగా పట్టదు. పొడుగు బండిలో ఈ నష్టం కొంచెం తక్కువే గాని లేకుండా పోదు.

ఇంకొక మాట. బండి పక్కకు బోల్తా పడకుండా ప్రధానంగా కాపాడేది ఇరుసుల దూరం కాదు. ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు, గరిమనాభి ఎత్తు. టాపు మీద బస్తాలు వేసినా, మనుషులు కూర్చున్నా గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు పొట్టి జీపయినా, పొడుగు జీపయినా ప్రమాదం ఒకటే.

మీరే చేసి చూడండి

రెండు గట్టి అట్టముక్కలు తీసుకోండి. నీళ్లసీసా మూతలు, సుమారు 3 సెం.మీ. అడ్డుకొలత గలవి, ఎనిమిది కావాలి. చీపురుపుల్లలను ఇరుసులుగా అట్ట అడుగున అమర్చి రెండు బండ్లు చేయండి. ఒకదానికి ఇరుసుల దూరం 10 సెం.మీ., రెండోదానికి 15 సెం.మీ. ఉండాలి.

రెండు పలకలను ఇంటికప్పులా ఒకదానికొకటి ఆనించి మిట్ట తయారు చేయండి. దాని మీదుగా బండిని నెమ్మదిగా దాటించండి. కొంచెం కొంచెంగా మిట్టను కోసుగా చేస్తూ పోండి. పొట్ట మొదట తగిలినప్పుడు రెండు వాలుల కోణాలను కోణమానినితో కొలిచి కలపండి. పొట్టి బండికి సుమారు 35, పొడుగు బండికి సుమారు 23 డిగ్రీలు రావాలి. అటూ ఇటూ అయితే మూతల కొలత, అట్ట వంపు చూసుకోండి. తరువాత 10, 15 సెం.మీ. నిష్పత్తితో మీ కోణాల నిష్పత్తిని పోల్చండి.

అది కుదిరాక టేపు పట్టుకుని మీ ఊరి జీపు దగ్గరకు వెళ్లండి. డ్రైవరు అనుమతి తీసుకుని, బండి ఆగి ఉన్నప్పుడు ఇరుసుల దూరం, పొట్ట ఎత్తు కొలవండి. మీ ఊరి బాటలో ఏ మిట్ట దగ్గర దాని పొట్ట తగులుతుందో ముందే లెక్కగట్టి డ్రైవరుకు చెప్పండి. సరిగ్గా చెప్పారో లేదో ఆయనే చెబుతాడు.