ఫోన్ ఉంది, చాటు ఏదీ?

మనసు బాగాలేదని చెప్పుకోవాలంటే రాయ్‌పూర్‌లోనూ జంకే. సైకియాట్రిస్టు గది ముందు తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమో, ఆ కబురు పెళ్లిసంబంధాల దాకా పాకుతుందేమో! పల్లెల్లోనైతే చాలామంది ముందు వెళ్లేది మంత్రం వేసే బైగా దగ్గరికే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో ఛత్తీస్‌గఢ్‌లో ఆత్మహత్యలు లక్షమందికి 28. దేశ సగటు 12.4. కారణాలు అనేకం కావచ్చు, కానీ సాయం అడగలేకపోవడమూ వాటిలో ఒకటి.

ఆ జంకుకు ఆన్‌లైన్ వైద్యం విరుగుడులా కనిపిస్తోంది. 'నేనెందుకూ పనికిరాను' అన్న ఆలోచనను కాగితం మీద పెట్టి, రుజువులేవని నిలదీసి, మానేసిన చిన్న పనిని మళ్లీ మొదలుపెట్టించడం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతి. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన ఈ చికిత్స తెరమీద తేలిగ్గానే ఒదిగింది. అయితే యాప్‌కే వదిలేస్తే చాలామంది మధ్యలో మానేస్తారు. అప్పుడప్పుడూ పలకరించే మనిషి ఉంటేనే ఫలితం మెరుగని పరిశోధనలు చెబుతున్నాయి.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ టెలి మానస్‌లో ఆ మనిషి దొరుకుతాడు. 14416కు రాత్రీపగలూ ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మరి ఫోన్ ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ మహిళల్లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నది సుమారు 41 శాతానికే. మిగిలినవారు భర్తనో కొడుకునో అడగాలి, ఎందుకో చెప్పాలి. ఫోన్ చేతికొచ్చినా, ఒంటిగది ఇంట్లో అత్తగారు వింటుండగా అత్తగారి గురించి ఏం చెప్పుకుంటారు? మేడ మీదికో చెరువు గట్టుకో వెళ్లాల్సిందే, అక్కడ ఎవరూ లేకపోతే.