టమాటాలో ఏముంది, పుట్టగొడుగుల్లో ఏముంది?



నాలుగో జ్వరం లేచినాక పురుగులకు వేళ తప్పకుండా ఆకు వేస్తాం. మన కడుపుకు మాత్రం మూడు పూటలా టమాటా రసం, అన్నమే. కొమ్మలు నరికి మోసే ఒంటికి అది చాలదు. అందుకే ఈసారి పురుగుల మేత కాదు, మన మేత గురించి చెప్పుకుందాం.

100 గ్రాముల పచ్చి సరుకులో సుమారుగా ఉండేవి ఇవి. పుట్టగొడుగులంటే ఇక్కడ అంగట్లో సిప్పి కాళాన్ అని అమ్మేవి.

▪ మాంసకృత్తులు: టమాటాలో 0.9 గ్రాములు, పుట్టగొడుగుల్లో 3.3 గ్రాములు
▪ పీచు: 1.2 గ్రాములు, 2.3 గ్రాములు
▪ పొటాషియం: 240 మి.గ్రా., 420 మి.గ్రా.
▪ బి3 విటమిన్: 0.6 మి.గ్రా., 5 మి.గ్రా.
▪ సి విటమిన్: టమాటాలో 14 మి.గ్రా., పుట్టగొడుగుల్లో లేనట్టే

ఒక్క మాట జాగ్రత్త. "పుట్టగొడుగుల్లో 25 శాతం ప్రోటీన్" అని కొందరు చెబుతారు. అది ఎండబెట్టిన తూకానికి లెక్క. మల్బరీ ఆకు లెక్క కూడా అలాగే కదా, పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీళ్లే. తాజా పుట్టగొడుగుల్లో దాదాపు 90 శాతం నీరు. 200 గ్రాములు తింటే ఒక కోడిగుడ్డంత మాంసకృత్తులు వస్తాయి. కాబట్టి పప్పు, గుడ్డు మానేసి వీటి మీదే ఆధారపడకండి.

టమాటాను తక్కువ చేయకండి. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి దాంట్లోని సి విటమిన్ సాయం చేస్తుంది. ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ నూనెలో మగ్గితేనే బాగా ఒంటబడుతుంది. పుట్టగొడుగులను వండే ముందు కాసేపు మధ్యాహ్నపు ఎండలో పెడితే డి విటమిన్ పెరుగుతుంది. రెండూ కలిపి కూర చేస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

ఇక మన పంటకు సంబంధించిన జాగ్రత్తలు:

1. మల్బరీ పక్కన టమాటా వేస్తే, దానికి కొట్టిన మందు గాలికి ఆకు మీద పడుతుంది. ఆ ఆకు వేస్తే పురుగులు పోతాయి. పక్క చేనివాళ్లతో ముందే మాట్లాడుకోండి.
2. ఆకు తిన్నాక మిగిలిన మల్బరీ పుల్లలను ముక్కలు చేసి, వరిగడ్డితో పాటు పుట్టగొడుగుల బెడ్లకు వాడొచ్చు. సున్నపుకట్టు, పాలరోగం వచ్చిన పంట పుల్లలు మాత్రం వద్దు.
3. పుట్టగొడుగుల గదిలో తేమ ఎక్కువ. పురుగుల షెడ్డుకు దూరంగా పెట్టండి.
4. వానకు గట్ల మీద మొలిచినవి ఏవో తెలియకుండా కోసి వండకండి. కొన్ని ప్రాణం తీస్తాయి.
5. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు రెండింటినీ అడిగే తినాలి.

పురుగు బాగా తింటేనే గూడు గట్టిగా వస్తుందని మనకు తెలుసు. మనిషికీ అదే లెక్క. ఇంట్లో వంట చేసేవాళ్లకు కూడా ఈ మెసేజ్ చూపించండి.