ఆసిలేటరు వణుకు: ఇంటి పరికరాలతో ఫేజ్ నాయిస్ కొలత

ఏ ఆసిలేటరూ కచ్చితంగా ఒకే పౌనఃపున్యం వద్ద నిలవదు. దాని దశ అనుక్షణం సూక్ష్మంగా వణుకుతూ ఉంటుంది. ఈ వణుకునే ఫేజ్ నాయిస్ అంటారు. 1966లో డి. బి. లీసన్ దీనికొక సరళమైన గణిత నమూనాను ప్రతిపాదించాడు. అనునాద వలయపు క్యూ విలువ పెరిగినకొద్దీ వాహక తరంగానికి సమీపంలో ఈ వణుకు తగ్గుతుందని ఆ నమూనా తెలుపుతుంది.

ఇది కేవలం సిద్ధాంత విషయం కాదు. కువైట్‌లో 9కె2 సంకేతంతో పనిచేసే ఒక అమెచ్యూరు, 14 మెగాహెర్ట్జ్ బ్యాండులో భారతదేశం నుండి వచ్చే బలహీన సంకేతం కోసం చెవియొగ్గాడనుకుందాం. 10 కిలోహెర్ట్జ్ దూరంలో బలమైన స్టేషను ఒకటి ఉంది. రిసీవరు ఆసిలేటరు రొద ఆ దూరంలో హెర్ట్జ్‌కు −110 డీబీసీ అయితే, 2,500 హెర్ట్జ్ వెడల్పు గల ఫిల్టరులో అది 34 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే బలమైన సంకేతానికి 76 డెసిబెల్స్ దిగువన రొద పరచుకుంటుంది. అంతకన్నా బలహీనమైన పిలుపు అందులో మునిగిపోతుంది. యాంటెనాను ఎంత ఎత్తుకు లేపినా ఈ లోపం తీరదు. రెండు సంకేతాలూ కలిసే పెరుగుతాయి.

సాధారణ స్పెక్ట్రమ్ అనలైజరుతో దీనిని కొలవబోతే దాని సొంత ఆసిలేటరు రొదే తరచు అడ్డు వస్తుంది. అందుచేత వాహక తరంగాన్నే తొలగించాలి. ఒకే రకపు క్రిస్టల్ ఆసిలేటర్లు రెండింటిని డయోడ్ రింగ్ మిక్సరుకు ఇచ్చి, వాటి మధ్య 90 డిగ్రీల దశాభేదం ఉంచితే, వాహకాలు రద్దయి, దశలోని వణుకు మాత్రమే వోల్టేజిగా మిగులుతుంది. మిక్సరు తరువాత లో-పాస్ ఫిల్టరు, తక్కువ రొద గల యాంప్లిఫయరు, కంప్యూటరు సౌండ్ కార్డు ఉంటే చాలు. ఒక ఆసిలేటరును వారాక్టర్ డయోడుతో, కొద్ది హెర్ట్జ్‌ల వెడల్పు గల ఫేజ్ లాక్ లూపు ద్వారా పట్టి ఉంచాలి. ఆ వెడల్పులోపలి రొదను లూపే అణచివేస్తుంది కనుక అక్కడి కొలతలను నమ్మరాదు.

ముందుగా లూపును విప్పి, రెండు ఆసిలేటర్లను కొద్దిగా ఎడం చేసి, బీట్ తరంగాన్ని చూడాలి. అది సైన్ ఆకారంలో ఉంటే దాని శిఖర వోల్టేజియే ఒక రేడియనుకు వచ్చే వోల్టేజి. ఆకారం వేరైతే సున్నాను దాటేచోట వాలును కొలవాలి. శిఖరం 0.3 వోల్టులు, లాక్ చేశాక 1 కిలోహెర్ట్జ్ వద్ద రొద 30 నానోవోల్టులు అనుకుందాం. నిష్పత్తి కోటిలో ఒక వంతు, అనగా −140 డెసిబెల్స్. ఒక పక్క బ్యాండుకు 3 తీసివేస్తే −143. ఆసిలేటర్లు రెండూ సమానమైతే మరో 3 తీసి, ఒక్కొక్కటి −146 డీబీసీ అని చెప్పవచ్చు. సమానమన్న నమ్మకం లేకపోతే −143ను గరిష్ఠ హద్దుగా మాత్రమే చెప్పాలి. మూడో ఆసిలేటరును చేర్చి జంటలు జంటలుగా కొలిస్తే ఒక్కొక్కదాని వాటా తేలుతుంది.

యాంప్లిఫయరును పరీక్షించడానికి దాని ఇన్‌పుట్ వద్ద 1 కిలోఓమ్ నిరోధకాన్ని పెట్టవచ్చు. గది ఉష్ణోగ్రతలో ఆ నిరోధకం హెర్ట్జ్ వర్గమూలానికి సుమారు 4 నానోవోల్టుల రొదనిస్తుంది.

2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైన దేశమిది. ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా క్రిస్టల్ పౌనఃపున్యం జరిగి, 90 డిగ్రీల భేదం చెదురుతుంది. రెండు ఆసిలేటర్లనూ ఒకే థర్మోకోల్ పెట్టెలో ఉంచి, బ్యాటరీతో నడపడం మేలు. లేకపోతే 50, 100 హెర్ట్జ్‌ల వద్ద నిలిచే గీతలు ఆసిలేటరువి కావు, ఇంటి కరెంటువి.