కారే పైపు మీద చెయ్యి పెట్టవద్దు

కోళ్ళ షెడ్లలో ఎరువు ఎత్తటానికి, ఊళ్ళలో కాలవల పూడిక తీయటానికి యిప్పుడు చిన్న లోడరు వస్తున్నది. ఏ కంపెనీదైనా మనవాళ్ళు దాన్ని బాబ్‌క్యాట్ అనే అంటారు. అసలు అది పుట్టిందే యిలాంటి చోట. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కెల్లర్ అన్నదమ్ములు ఒక టర్కీ కోళ్ళ రైతు షెడ్డు శుభ్రం చేసుకోవటానికి తయారు చేసిన బండే దీనికి మూలం. అది వచ్చాక పార పట్టినవాళ్ళు షెడ్డు బయటికి పోయారు. ఒకరిద్దరు మాత్రం ఆపరేటరు, హెల్పరు అయ్యారు. ఆ ఒకరిద్దరి చేతుల సంగతే మేము చెప్పదలచుకున్నది.

బండి బలమంతా నూనెలో వున్నది. లారీ టైరులో గాలి చదరపు అంగుళానికి 100 పౌన్ల పైచిలుకు. ఈ పైపుల్లో నూనె ఒత్తిడి 3,000 దరిదాపు. రబ్బరు పగిలి, లోపలి తీగెలు తుప్పుపట్టి, సూదిమొనంత బెజ్జం పడితే నూనె కంటికి ఆనని ధారగా చిమ్ముతుంది. తడి ఎక్కడిదో చూద్దామని తడిమితే తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే. మొదట నొప్పీ వుండకపోవచ్చు. ‘ఏం కాలేదులే’ అని గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగుతారు. గంటలు గడిస్తే కండ చచ్చి వేలో, చెయ్యో తీసేయవలసి వస్తుంది. పసుపుతోనో, టెటనస్ సూదితోనో తీరేది కాదు. వెంటనే ఆపరేషను చేయగల ఆసుపత్రికి పోయి, “ఒత్తిడితో హైడ్రాలిక్ నూనె వంట్లోకి ఎక్కింది” అని ఈ మాటలే చెప్పాలి.

యజమాని మాత్రం “ట్యూబు ముక్క కట్టి సాయంత్రం దాకా లాగించరా” అంటాడు. ఆ ఒత్తిడికి ట్యూబు నిలుస్తుందా? పైపు మార్చవలసిందే.

బకెట్టు నేలకు ఆనించి ఇంజను ఆపండి. చేతులు పైకెత్తితేగాని అందని పైపయితే, బండితో వచ్చిన లాకు వేయకుండా కింద తల పెట్టవద్దు. కర్ర లాకు కాదు. ఇంజను ఆగినా ఒత్తిడి లోపలే వుంటుంది. తాళం తిప్పి, స్టార్టు చేయకుండా లీవర్లను అన్ని వైపులా ఆడించండి. నూనె చల్లారాక టాంకు మూత మెల్లగా వదులు చేయండి. పైపు విప్పటానికి రెండు పానాలు కావాలి, ఒకటి నట్టుకు, ఒకటి అవతలి ఫిట్టింగు తిరగకుండా. విప్పిన నోళ్ళను మూసిపెట్టండి, దుమ్ము పోతే పంపు పాడవుతుంది.

పాత పైపు పట్టుకునే షాపుకు పోవాలి. లావు, పొడుగుతోపాటు లోపల తీగె అల్లిక ఎన్ని వరసలో చూడాలి. రెండు వరసలది వుండవలసిన చోట చవకని ఒక వరసది వేయించే యజమానులున్నారు, ఒప్పుకోకండి. కొత్త పైపు మీద పొడుగునా అచ్చు గీత వుంటుంది. బిగించాక ఆ గీత మెలి తిరిగితే విప్పి మళ్ళీ బిగించండి. నూనె మట్టం చూసి, ఇంజను నెమ్మదిగా నడిపి, చేతులు పైకీ కిందికీ ఆడించి గాలి పోనివ్వండి. కారుతున్నదేమో కర్రకు కట్టిన అట్టముక్కతో చూడండి.

బండి ఆగిన పూట కూలి కోస్తామంటే కుదరదనండి. పైపు మార్చటమూ పనే. 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలో ట్రాక్టరు వంటి యంత్రాలతో సేద్యం చేసేవాళ్ళు కూడా వున్నారు. ఆ చట్టాన్ని 2020లో సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు. ప్రమాదం జరిగితే యజమాని ముందు చేసేది ఆ పైపు పారేయటం. దాన్ని పోనివ్వకుండా బెజ్జం కనపడేటట్లు ఫొటో తీసి, తేదీ వేసి, పైపును సంఘం ఆఫీసులో పెట్టించండి.