క్లోమగ్రంథి పుట్టుక

మనము తిన్న అన్నములోని పిండిపదార్థము జీర్ణమై, చక్కెరగా మారి రక్తమున జేరును. ఆ చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిన్ తయారగునది క్లోమగ్రంథిలో. జీర్ణాశయమునకు వెనుక అడ్డముగా నుండు ఈ గ్రంథిని కన్నడమున మేదోజీరక గ్రంథి యనియు, తమిళమున కణైయం అనియు నందురు. వైద్యశాలలో ఆ పేరు విని, మన పాఠములోని క్లోమము వేరొక యవయవమని తలచు పిల్లలు గలరు. రెండును ఒకటే.

ఇది తల్లిగర్భమున ఎట్లేర్పడును? నాలుగైదు వారముల పిండమున ఆహారనాళము ఒక సన్నని గొట్టము మాత్రమే. దాని వీపువైపున ఒక మొగ్గయు, పొట్టవైపున మరియొక మొగ్గయు పొడసూపును. ఆహారనాళము మెలితిరుగునపుడు పొట్టవైపు మొగ్గ చుట్టివచ్చి మొదటిదానితో కలిసిపోవును.

మరి, క్లోమముగా మారవలయునని ఆ కణములకు దెలుపునది యెవరు? లోపలి జన్యువులు కొంత తెలుపును. పీడీఎక్స్-1 అను జన్యువు లేని చుంచెలుకలకు క్లోమమే యేర్పడదని 1994లో కనుగొనిరి. కాని జన్యువులొక్కటియే చాలవు. 1962లో గొలొసొవ్, గ్రోబ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు చుంచెలుక పిండమునుండి క్లోమపు మొగ్గను దీసి, దానినంటియున్న మెత్తని కణజాలమును ఒలిచివేసి, గాజుపాత్రలో పెంచజూచిరి. మొగ్గ ఎదుగలేదు. ఆ కణజాలమును మరల చెంతనుంచగా, నడుమ సూక్ష్మరంధ్రములు గల పొర యడ్డముగా నున్నను, మొగ్గ పెరిగినది. పొరుగు కణజాలమునుండి ఏదో యొకటి ఆ రంధ్రముల గుండ వచ్చి చేరుచున్నదన్న మాట!

అట్టి సందేశములను మోయు పదార్థములలో ముఖ్యమైనవి వృద్ధికారకములు. ఇవి ఒక కణము విడువగా మరియొక కణము గ్రహించు మాంసకృత్తులు. గ్రహించు కణముపై వీనికి సరిపడు గ్రాహకములుండవలయును. లేనిచో సందేశము లోపలికి చేరదు.

క్లోమమునకు తొలి సందేశములలో నొకటి పృష్ఠవంశమునుండి వచ్చును. వెన్నెముక యేర్పడుటకు ముందు పిండమునకు ఊతగా నుండు కడ్డీవంటి భాగమిది. అది పంపు యాక్టివిన్, ఎఫ్‌జీఎఫ్-2 వంటి కారకములు ప్రక్కనున్న ఆహారనాళ కణములలో సోనిక్ హెడ్జ్‌హాగ్ అను వేరొక సంకేతమును అణచివేయునని 1998లో కోడిపిండములపై జరిపిన పరిశోధన వలన తెలిసినది. అది యణగిన చోటనే వీపువైపు మొగ్గ క్లోమముగా మారును. ఒక సంకేతము ఆగుటయు ఇచ్చట ఆజ్ఞయే. ఈ విషయము నాకు మిక్కిలి వింతగా దోచును.

పిదప మొగ్గను చుట్టియున్న కణజాలము ఎఫ్‌జీఎఫ్-10 అను కారకమును విడుచును. ఇది లేని చుంచెలుకలలో మొగ్గ పుట్టును గాని పెరుగదని 2001లో వెల్లడియైనది. అట్లని అది ఆగక అందుచున్నను కీడే. కణములు విభజన చెందుచునే యుండును గాని ఇన్సులిన్ కణములుగా పరిణతి చెందవు. నాటిన చేనికి నీరెంత యవసరమో, కోతకు ముందు ఆ నీరు తీసివేయుటయు నంతే యవసరమని మన రైతులకు దెలియును గదా.

ఈ పరిజ్ఞానము కొన్ని కుటుంబములకు చాల ముఖ్యమైనది. పిల్లలకు తరచుగా వచ్చు మధుమేహమున శరీరపు రోగనిరోధక శక్తియే ఇన్సులిన్ కణములను నాశనము చేయును. మిఠాయిలు తినుట దానికి కారణము కాదు. కావున తల్లిదండ్రులు బిడ్డను నిందింపరాదు, ఎవరేమి చెప్పినను ఇన్సులిన్ సూదిని మాన్పరాదు.

పోయిన కణములను తిరిగి కల్పింపవచ్చునా? 2006లో శాస్త్రజ్ఞులు మానవ మూలకణములకు యాక్టివిన్, ఎఫ్‌జీఎఫ్-10 మొదలగువానిని గర్భములోని క్రమము ననుసరించి యందించి, నడుమ హెడ్జ్‌హాగ్ సంకేతము నణచు మందును గూడ వాడి, ఇన్సులిన్ నుత్పత్తి చేయు కణములను పొందిరి. 2014లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు చక్కెరకు స్పందించి ఇన్సులిన్ విడుచు కణములను పెద్దసంఖ్యలో పెంచగలిగిరి. అట్టి కణములను రోగుల శరీరమున నాటి పరీక్షించుటయు మొదలైనది. నాటిన కణములను ఆ రోగనిరోధక శక్తియే మరల నాశనము చేయకుండ కాపాడుట యెట్లని పరిశోధకులు ఇప్పుడు వెదకుచున్నారు.