దత్తతకు దగ్గరి దారి లేదు

సంతానం లేని దంపతులు దత్తత గురించి ఆలోచించగానే ముందుగా అడిగే ప్రశ్నలు రెండు. ఏ సంస్థకు వెళితే బిడ్డ త్వరగా దొరుకుతుంది? ఎంత ఖర్చవుతుంది? ఈ రెండింటికీ చట్టం సూటిగానే సమాధానం చెబుతోంది. ఏ సంస్థను ఆశ్రయించినా వరుస ఒక్కటే, రుసుమూ ఒక్కటే. ఈ సంగతి తెలియకనే కొందరు దళారుల మాటలు నమ్మి లక్షల రూపాయలు పోగొట్టుకుంటున్నారు. చివరకు అల్లారుముద్దుగా పెంచుకున్న బిడ్డకు దూరమై పోలీసు కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

దేశమంతటికీ ఒకే వరుస

ఒకప్పుడు దత్తత కోరే దంపతులు నేరుగా సంస్థల వద్దకు వెళ్లి పేరు రాయించుకునేవారు. ఎవరికి బిడ్డను ఇవ్వాలన్నది చాలావరకు ఆ సంస్థ ఇష్టంపై ఆధారపడేది. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని కొన్ని ప్రైవేటు దత్తత కేంద్రాల బాగోతం వెలుగుచూసింది. తండాల్లోని నిరుపేద లంబాడా కుటుంబాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు సేకరించి విదేశాలకు దత్తత ఇస్తున్నారన్న ఆరోపణలు అప్పట్లో రాష్ట్రాన్ని కుదిపేశాయి.

2015 ఆగస్టు నుంచి ఈ విధానం మారింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ పరిధిలోని కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ (కారా) ఆధ్వర్యంలో దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే నమోదవుతున్నాయి. నమోదు తేదీని బట్టి సీనియారిటీ వస్తుంది. ఆ వరుస ప్రకారమే బిడ్డను చూపుతారు. బాల నేరస్థుల న్యాయ చట్టం-2015, దత్తత నిబంధనలు-2022 ప్రస్తుతం దీనికి ఆధారం.

తెలుగు రాష్ట్రాల్లో శిశుగృహలు, గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థలు ప్రత్యేక దత్తత కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. దరఖాస్తు సమయంలో దంపతులు ఎంచుకునే కేంద్రం వారి ఇంటి పరిస్థితులను పరిశీలించి నివేదిక ఇవ్వడానికి మాత్రమే. వరుసలో ఎవరినీ ముందుకు జరిపే అధికారం ఆ కేంద్రానికి లేదు. అందువల్ల పేరున్న సంస్థ కోసం దూరప్రాంతాలకు తిరగనవసరం లేదు. ఇంటికి దగ్గరలోని గుర్తింపు పొందిన కేంద్రాన్ని ఎంచుకుంటే పరిశీలన సులువవుతుంది.

రుసుము ఇంతే

దేశంలో నివసించే దంపతులు చెల్లించవలసిన మొత్తాలను నిబంధనల్లోనే పేర్కొన్నారు. ఇంటి పరిశీలన నివేదికకు రూ.6,000, శిశు సంరక్షణ నిధికి రూ.50,000 చెల్లించాలి. 2017 నిబంధనల్లో ఈ నిధి రూ.40,000 ఉండేది. దత్తత అనంతరం రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి జరిపే పరిశీలనకు విడతకు రూ.2,000 చొప్పున నాలుగు విడతలకు రూ.8,000 అవుతుంది. అన్నీ కలిపితే రూ.64,000. ఇంతకు మించి విరాళం పేరిట గాని, వస్తురూపంలో గాని కేంద్రాలు ఏమీ తీసుకోరాదు. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోవాలి.

నిరీక్షణ ఎందుకింత?

దత్తత కోరేవారు ఎక్కువ, చట్టప్రకారం దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు తక్కువ. 2022 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సమర్పించిన నివేదిక ప్రకారం 2021 డిసెంబరు నాటికి 27,939 దరఖాస్తులు నమోదై ఉన్నాయి. చట్టబద్ధంగా దత్తతకు అర్హులైన పిల్లలు 2,430 మంది మాత్రమే. అంటే ఒక్కో బిడ్డ కోసం 11 కుటుంబాలకు పైగా ఎదురుచూస్తున్నట్లు లెక్క. అయిదేళ్లలో నిరీక్షణ కాలం ఏడాది నుంచి మూడేళ్లకు మించిపోయిందని సంఘం పేర్కొంది. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగాయి. పన్నెండేళ్లలో ఇదే అత్యధికం. అయినా ఆరోగ్యవంతమైన పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి వేచిచూడక తప్పడం లేదు.

ఈ జాప్యంలో కొంత బిడ్డ కన్నవారి హక్కును కాపాడటానికి చట్టం పెట్టిన గడువు కూడా ఉంది. కన్నతల్లి బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగిస్తే, పునరాలోచనకు ఆమెకు 60 రోజుల గడువు ఇస్తారు. ఆలోగా ఆమె మనసు మార్చుకుంటే బిడ్డను తిరిగి తీసుకోవచ్చు. ఎక్కడో వదిలేసిన శిశువు దొరికితే కన్నవారి ఆచూకీ కోసం వెతకాలి. రెండేళ్లలోపు పిల్లల విషయంలో రెండు నెలల్లో, అంతకు పైబడినవారి విషయంలో నాలుగు నెలల్లో కమిటీ నిర్ణయం తీసుకోవాలి. ఆ తరువాతే బిడ్డను దత్తతకు అర్హులుగా ప్రకటిస్తారు. కాబట్టి పురిటి బిడ్డను వారం రోజుల్లో చేతిలో పెడతామని ఎవరైనా చెబితే, అది చట్టం వెలుపలి వ్యవహారమని వెంటనే గ్రహించాలి.

వయసు లెక్క మరవొద్దు

సంతాన సాఫల్య చికిత్సల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, ఆశ వదులుకున్నాక దరఖాస్తు చేసేవారు ఒక ముఖ్య విషయాన్ని గమనించడం లేదు. రెండేళ్లలోపు బిడ్డను కోరే భార్యాభర్తల వయసుల మొత్తం 85 ఏళ్లకు మించరాదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్లకు 110 పరిమితి. ఒంటరి వ్యక్తులకు ఇవి వరుసగా 40, 45, 50, 55 ఏళ్లు. ఉదాహరణకు భర్తకు 44, భార్యకు 42 ఏళ్లుంటే మొత్తం 86. వారికి రెండేళ్లలోపు బిడ్డ వచ్చే అవకాశం అప్పటికే చేజారినట్లే. వయసును నమోదు తేదీ నాటికి లెక్కిస్తారు గనుక ఆలస్యం చేసిన కొద్దీ నష్టమే.

దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ఇద్దరి అంగీకారమూ తప్పనిసరి. బిడ్డకూ పెంచేవారికీ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా, మగపిల్లవాడినైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి ప్రత్యేక అవసరాలు గల పిల్లలను, ఎవరూ ముందుకు రాని పిల్లలను మాత్రమే ఇస్తారు.

దరఖాస్తు నుంచి ఉత్తర్వు వరకు

కారా వెబ్‌సైట్‌లో నమోదయ్యాక 30 రోజుల్లో పత్రాలు సమర్పించాలి. వయసు, నివాసం, ఆదాయం, వివాహం, ఆరోగ్యానికి సంబంధించిన ధ్రువపత్రాలు, పాన్‌ కార్డు, కుటుంబ ఫొటో సిద్ధంగా ఉంచుకోవాలి. అనంతరం సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలిస్తారు. ఈ నివేదిక మూడేళ్లపాటు చెల్లుతుంది. వరుస రాగానే బిడ్డ ఫొటో, ఆరోగ్య నివేదిక ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో అంగీకారం తెలపాలి. అందుకే నమోదు చేసిన ఫోన్‌ నంబరు మారిస్తే వెంటనే వివరాలు సరిచేసుకోవాలి. తరువాత కేంద్రానికి వెళ్లి బిడ్డను స్వయంగా చూడవచ్చు. తమకు నమ్మకమున్న వైద్యుడితో ఆరోగ్య నివేదికను పరిశీలింపజేసుకోవచ్చు.

అంగీకరించాక బిడ్డను ముందస్తు సంరక్షణ కింద ఇంటికి పంపుతారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులను న్యాయస్థానాలకు బదులు జిల్లా కలెక్టర్లు జారీ చేస్తున్నారు. దరఖాస్తు అందిన రెండు నెలల్లో దీన్ని పరిష్కరించాలని నిబంధన. ఆ ఉత్తర్వుతోనే బిడ్డకు కన్నబిడ్డతో సమానమైన హక్కులన్నీ లభిస్తాయి. పెంచిన తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రమూ వస్తుంది. విదేశాల్లో స్థిరపడిన ప్రవాస భారతీయులకు వరుసలో దేశంలోని దంపతులతో సమాన ప్రాధాన్యం ఉంటుంది. వారు తామున్న దేశంలోని అధీకృత సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి.

నిజంగా ఎంచుకోవలసింది

సంస్థను ఎంచుకున్నందువల్ల నిరీక్షణ తగ్గదు. ఎలాంటి బిడ్డకు సిద్ధంగా ఉన్నామన్న నిర్ణయమే దాన్ని తగ్గించగలదు. ఎక్కువమంది రెండేళ్లలోపు ఆరోగ్యవంతమైన బిడ్డనే కోరడంతో ఆ వరుస పొడవుగా ఉంటోంది. కాస్త పెద్ద పిల్లలను, అన్నదమ్ములు లేదా అక్కచెల్లెళ్లను కలిపి తీసుకోవడానికి, చికిత్సతో నయమయ్యే లోపాలున్నవారిని స్వీకరించడానికి ముందుకొస్తే అవకాశం త్వరగా రావచ్చు. అయితే తొందరపడి, బిడ్డ అవసరాలు తీర్చే శక్తి ఉందో లేదో చూసుకోకుండా అంగీకరించడం ఇరువైపులా కష్టం. నిరీక్షణ కాలాన్ని ఇంట్లో పెద్దలను ఒప్పించడానికి, బిడ్డకు దత్తత విషయం ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి వినియోగించుకోవడం మేలు.

కొని తెచ్చుకుంటే కటకటాలే

2024 మేలో రాచకొండ పోలీసులు పసికందులను అమ్ముతున్న అంతర్రాష్ట్ర ముఠాను పట్టుకున్నారు. ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చి విక్రయించిన పదిమందికి పైగా చిన్నారులను స్వాధీనం చేసుకున్నారు. అప్పటికి వారిని పెంచుకుంటున్న కుటుంబాలకు అది తీరని వేదనగా మిగిలింది.

పిల్లలను కొన్నా, అమ్మినా అయిదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, రూ.లక్ష జరిమానా ఉంటాయి. ఆసుపత్రి సిబ్బంది పాత్ర ఉంటే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉంటుంది. నిబంధనలకు విరుద్ధంగా అనాథ శిశువును దత్తత తీసుకున్నా, ఇచ్చినా మూడేళ్ల వరకు జైలు గాని, రూ.లక్ష జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. స్టాంపు కాగితంపై రాసుకున్న ఒప్పందం, నోటరీ సంతకం వీటి నుంచి కాపాడలేవు. ఆసుపత్రిలో తమ పేరుతోనే ప్రసవం జరిగినట్లు పత్రాలు పుట్టిస్తామన్న మాట నమ్మితే మరో నేరాన్ని నెత్తికెత్తుకున్నట్లే.

ఎక్కడైనా వదిలేసిన శిశువు కనిపిస్తే 24 గంటల్లోగా పోలీసులకు గాని, 1098కి గాని, బాలల సంక్షేమ కమిటీకి గాని, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి గాని తెలియజేయాలి. దొరికిన బిడ్డను ఇంటికి తెచ్చుకుని పెంచుకోవడమూ చట్టవిరుద్ధమే. బిడ్డను పెంచలేని తల్లి కూడా కమిటీకి అప్పగించవచ్చు.

దత్తతపై సందేహాలుంటే జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో గాని, శిశుగృహలో గాని సంప్రదించవచ్చు. సంస్థకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ కారా వెబ్‌సైట్‌లోని జాబితాలో సరిచూసుకున్నాకే పత్రాలు గాని, సొమ్ము గాని ఇవ్వాలి.