పెళ్లి కాసెట్టులో తలంబ్రాలు

పావు కిలోమీటరు పొడవున్న పెళ్లిని ఎప్పుడైనా చూశారా? మా అలమరాలో ఉంది. మూడు గంటల వీహెచ్ఎస్ కాసెట్టు విప్పి పరిస్తే లోపలి టేపు 258 మీటర్లు వస్తుంది. మా పెద్దమ్మాయి పెళ్లి మొదటి భాగం, రెండో భాగం, మా గృహప్రవేశం, మనవడి బారసాల, మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షను... అన్నీ కలిపితే మా వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తాయి. "ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాను నాన్నా, ముందు నువ్వూ అమ్మా కూర్చుని ఏది ఉంచాలో ఏది అక్కర్లేదో తేల్చండి" అని పెద్దమ్మాయి పురమాయించింది. పని చిన్నదే. కానీ మా ఆవిడ పక్కన కూర్చుంటే రెండు నిమిషాలకో ప్రశ్న. ఆవిడ ప్రశ్నల్లో సగం భౌతికశాస్త్రం మీద, మిగతా సగం మా వైపు బంధువుల మీద. మొదటి రకానికే ఇక్కడ జవాబు చెబుతాను.

కాసెట్టును మిషన్లో పెట్టేముందు దాని కిటికీని వెలుతురుకెదురుగా పట్టుకుని ఓసారి చూడండి. టేపు చుట్ట నల్లగా, నున్నగా ఉంటే సరే. అంచుల మీద తెల్లటి పొడో, చుక్కలో, పోగులో కనిపిస్తే మాత్రం పక్కన పెట్టేయండి. అది బూజు. మాది కాకినాడ. ఈ సముద్రపు గాలికి చెప్పులే బూజు పడతాయి, అటక మీద ఏళ్లతరబడి పడున్న కాసెట్టు ఒక లెక్కా? టేపంటే పాలిఎస్టరు పట్టీ మీద పూసిన ఐరన్ ఆక్సైడు పొడి. మన గేటుకు పట్టే తుప్పుకు దాయాదే. ఆ పొడిని పట్టీకి పట్టి ఉంచేది పాలీయూరిథేను జిగురు. గాలిలోని తేమ జిగురులోకి దూరి దాని అణువుల గొలుసుల్ని మెల్లగా తెంచుతుంది. బూజుకైతే ఆ జిగురే తిండి. తేమకు చెడిన టేపు తిరిగేటప్పుడు కీచుమంటుంది, అంటుకుపోతుంది, టేపును చదివే హెడ్డుకు మడ్డి పట్టిస్తుంది. బూజు కాసెట్టును ఆడించామా, బీజాలు మిషన్లో దిగబడి తర్వాత పెట్టిన మంచి కాసెట్టుకూ తగులుకుంటాయి. మా గృహప్రవేశం అలాగే పక్కకు వెళ్లింది. "మీ చెల్లెలి వాళ్లది మాత్రం శుభ్రంగా ఉంది చూశారా!" అంది మా ఆవిడ. అది రెండో రకం ప్రశ్న కనుక వదిలేస్తున్నాను.

పెళ్లి మొదటి భాగం పెట్టాం. కాసెట్టు లోపల చక్రాలు తిరుగుతున్నాయా లేదా అన్నంత నిదానంగా తిరుగుతాయి. "ఇంత నెమ్మదిగా నడిచే టేపులోంచి బొమ్మ ఎలా వస్తోందండీ?" అంది. చాలా మంచి ప్రశ్న. పాటల క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. వీడియో కాసెట్టులో 2.34 సెంటీమీటర్లే, అంటే సగం. పాటకన్నా బొమ్మలో సమాచారం ఎన్నో రెట్లు ఎక్కువ కదా, టేపు ఇంకా వేగంగా పరిగెత్తాలి గదా? మన చెవికి అందే ధ్వని సెకనుకు 20 వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. టీవీ బొమ్మకు లక్షల్లో కావాలి. టేపు మీద ఒక్కో కంపనానికి కాస్త జాగా ఇవ్వాలి కాబట్టి, కంపనాలు పెరిగితే హెడ్డు కింద టేపు వేగమూ పెరగాల్సిందే.

మొదట్లో ఇంజనీర్లు అదే చేశారు. 1950ల్లో బీబీసీ వాళ్లు 'వెరా' అనే యంత్రం తయారుచేసి, టేపును సెకనుకు 5 మీటర్ల పైచిలుకు వేగంతో లాగించారు. 20 అంగుళాల పెద్ద చక్రం నిండా చుట్టిన టేపు పావుగంట కార్యక్రమానికి సరిపోయేది. ఆ వేగంతో మా కాసెట్టును లాగితే నిమిషం కూడా రాదు. వరుడి కాళ్లు కడగడం పూర్తవకుండానే పెళ్లయిపోతుంది!

1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ ఈ చిక్కు విప్పింది. టేపు పరిగెత్తకపోతేనేం, హెడ్డునే పరిగెత్తిస్తే సరి అనుకున్నారు. వాళ్లు రెండంగుళాల వెడల్పు టేపుకు అడ్డంగా హెడ్డుల్ని గిరగిరా తిప్పారు. 1976లో జపాన్‌కు చెందిన జేవీసీ వీహెచ్ఎస్‌ను తెచ్చేసరికి టేపు అరంగుళానికి దిగింది, హెడ్డులు కాస్త వాలుగా కూర్చున్న చిన్న డ్రమ్ములోకి చేరాయి. మన దేశంలో వాడిన వీసీఆర్లలో ఆ డ్రమ్ము అడ్డుకొలత 62 మిల్లీమీటర్లు, నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. లెక్క వేసుకోండి. హెడ్డు టేపును సెకనుకు దాదాపు 4.9 మీటర్ల వేగంతో రాసుకుంటూ పోతుంది. బీబీసీ వాళ్ల వేగమే వచ్చింది, టేపు మాత్రం నిదానంగా నడుస్తోంది. అందుకే మూడు గంటల పెళ్లి ఒక పుస్తకమంత డబ్బాలో పట్టింది.

డ్రమ్ము వాలుగా ఉంది కాబట్టి బొమ్మలు టేపు మీద నిలువుగా పడవు. పొలంలో ఏటవాలుగా దున్నిన చాళ్లలా, ఒకదాని పక్కన ఒకటి వాలుగీతలుగా పడతాయి. ఒక్కో చాలు వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సెకనుకు 50 చాళ్లు, రెండు చాళ్లకో పూర్తి బొమ్మ, వెరసి 25 బొమ్మలు. ఈ 50 మన కరెంటులోని 50 సైకిళ్ల నుంచే వచ్చింది. కరెంటుకూ బొమ్మకూ లయ కలవకపోతే తెర మీద పట్టీలు పాకుతూ కనిపిస్తాయని టీవీలు పుట్టిన రోజుల్లోనే అలా కుదిర్చారు.

"ఏవండీ, ఆపండాపండి! వియ్యపురాలి మెళ్లో ఉన్నది కాసులపేరా, పలకసర్లా?" పాజ్ నొక్కాను. బొమ్మ ఆగింది గానీ సరిగ్గా ఆ మెడ దగ్గరే తెల్లటి గీతల పట్టీ ఒకటి అడ్డొచ్చింది. టేపు నడుస్తూ ఉంటేనే హెడ్డు చాలు వెంబడి తిన్నగా పోతుంది. టేపు ఆగితే ఆ కోణం కాస్త తప్పుతుంది, హెడ్డు ఒక చాలులో మొదలెట్టి పక్క చాలులోకి దారి తప్పుతుంది. ఆ దాటే చోటే గీతలు. పైగా డ్రమ్ము ఒకే చోట టేపును రుద్దుతూ ఉంటుంది, అందుకే కొన్ని నిమిషాలకు మిషనే విసిగి దానంతటది ఆగిపోతుంది. కాసులపేరు సంగతి తేలలేదు.

సన్నాయి మొద్దుబారినట్టు వినిపించడానికీ కారణం ఇందులోనే ఉంది. పాత కాసెట్లలో ధ్వనిని డ్రమ్ము తీసుకోదు, టేపు అంచున కదలకుండా నిలబడ్డ వేరే హెడ్డు రాస్తుంది. దానికి దక్కేది ఆ 2.34 సెంటీమీటర్ల నత్తనడకే. కాబట్టి పై స్థాయి నాదాలు రాలిపోతాయి. మేళం వాళ్లను తప్పు పట్టకండి.

ఇక రంగులు. అమ్మాయి ఎర్ర పట్టుచీర ఎరుపు చీర దగ్గర ఆగక, పక్కనున్న మా అల్లుడి తెల్ల చొక్కా మీదికి ఒలికింది. మన కన్ను వెలుగునీడల వివరాన్ని పట్టుకున్నంత పదునుగా రంగు వివరాన్ని పట్టుకోలేదు. ఇంజనీర్లు ఈ బలహీనతను కనిపెట్టి, టేపు మీద వెలుగుకు పెద్ద వాటా, రంగుకు అందులో చిన్న ముక్కా ఇచ్చారు. ఆ కాస్త జాగాలో చీర అంచు ఎక్కడ ముగిసిందో చెప్పడం కుదరదు. మీ ఫోన్లో వీడియో కూడా ఇదే కక్కుర్తి పడుతుంది. వెలుగు చుక్కలు నాలుగు దాస్తే, రంగుకు దాచేది ఒక్క చుక్కే. చుక్కలు బోలెడు కాబట్టి మనకు తెలియదు, అంతే.

అందరూ కళ్లు చికిలించుకుని ఎందుకున్నారంటే, కెమెరా వెనక లైటు పట్టుకున్న కుర్రాడి చేతిలో వెయ్యి వాట్ల హాలోజన్ ఉంది. అప్పటి కెమెరాలకు అంత వెలుగు కావాలి మరి. ఆ వెయ్యి వాట్లలో కంటికి కనిపించేది పదో వంతు మించదు, తక్కినదంతా వేడి. పంతులుగారి చెమట అందుకే.

అసలు దెబ్బ తలంబ్రాల దగ్గర తగిలింది. ఈ పెళ్లికి ఓ నకలు కూడా ఉంది. చాలా ఏళ్ల కిందట బజార్లో ఓ దుకాణంలో ఇచ్చి మూడు సీడీల్లోకి మార్పించాం. మార్చిన ఆయన "క్లారిటీ అదిరిపోతుంది సార్" అన్నాడు. పీటల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. తలంబ్రాలు మొదలయ్యాయో లేదో, వధూవరుల మొహాల మీద గళ్లు గళ్లు! ముక్కు ఓ గడి, బాసికం ఇంకో గడి. "పాడైపోయిందండీ సీడీ" అంది మా ఆవిడ. సీడీ పాడవలేదు, అది పుట్టుకతోనే అంత.

ఆ సీడీలు రాసిన వీసీడీ అనే పద్ధతి ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. అప్పుడప్పుడు ఒకటి పూర్తిగా దాచి, తర్వాత బొమ్మల్లో మారినదేమిటో మాత్రమే రాసుకుంటుంది. బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోసి, "ఈ చదరం అలాగే ఉంది, ఆ చదరం కాస్త కుడికి జరిగింది" అని గుర్తుపెట్టుకుంటుంది. పంతులుగారు కూర్చుని మంత్రం చదువుతుంటే మారేది పెదవులే కాబట్టి పని సులువు. మరి తలంబ్రాలో? వందల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు, ప్రతి బొమ్మలోనూ కొత్త చోట. ఏ చదరమూ వెనకటి చదరంతో కలవదు. అన్నీ కొత్తగా రాయాలి. రాయడానికి చోటు మాత్రం పెరగదు, సెకనుకు 11.5 లక్షల బిట్లు, అంతే. అప్పుడు అది సన్న వివరాలన్నీ వదిలేసి చదరానికో ముతక రంగు పూసేస్తుంది. పైగా పాత టేపు బొమ్మలో సహజంగా ఉండే చుక్కల మినుకులు కూడా దాని లెక్కలో "మార్పే". పెళ్లి మొత్తంలో మనం ఎంతో ఇష్టపడే ఘట్టం దానికి అన్నిటికన్నా కష్టమైన ఘట్టమన్నమాట. అదే తలంబ్రాలు కాసెట్టులో చూస్తే కాస్త మసకగా ఉన్నా గింజ గింజా తెలుస్తోంది. నా తీర్పు ఏమిటంటే, సీడీ ఉంది కదా అని కాసెట్టు పారేసినవాళ్లు తొందరపడ్డారు.

అన్నట్టు, ఇళ్లలో రాయించిన సీడీలకు ప్రాణం పైవైపు ఉంటుంది, కింద మెరిసే వైపు కాదు. సమాచారం దాచే రంగుపొర, అద్దంపొర రెండూ లేబులు కింద పలచని లక్క చాటున ఉంటాయి. దాని మీద బాల్‌పెన్నుతో "పెళ్లి–2" అని నొక్కి రాసిన మహానుభావులు మా ఇంట్లోనూ ఉన్నారు. ఎవరన్నది చెప్పను, రాత్రికి భోజనం పెట్టాల్సింది ఆవిడే.

మధ్యలో మా ఆవిడ మైకులో మాట్లాడిన ముక్క ఒకటి వచ్చింది. "అబ్బే, నా గొంతు ఇలా ఉండదు. నా మొహమూ ఇంత వంకర కాదు" అంది. నాకు రెండూ నిత్యం చూసేలాగే, వినేలాగే ఉన్నాయి. మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. గాలి గుండా ఒకటి, పుర్రె ఎముకల గుండా ఇంకొకటి. ఎముకల దారి మంద్రస్వరాల్ని ఎక్కువ మోస్తుంది, అందుకే ఎవరి గొంతు వాళ్లకు గంభీరం. మైకు గాలి దారినే వింటుంది. మొహం సంగతీ అంతే. మన మొహం మనకు అద్దంలోనే పరిచయం, కుడి ఎడమలు తారుమారుగా. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు మనుషుల ఫొటోలను మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పి ఒకటి వేసి చూపించారు. ఎవరి ఫొటో వాళ్లకు తిప్పినదే నచ్చింది. వాళ్ల స్నేహితులకు మామూలుదే నచ్చింది. అలవాటైనదే అందం అన్నమాట. "అంటే నేను మీకు అలవాటయ్యానంటారు" అంది. దానికి శాస్త్రంలో జవాబు లేదు.

పంక్తిలో సాంబారు బకెట్టు పట్టుకుని నవ్వుతున్న ఓ బట్టతల ఆయన దగ్గర ఇద్దరం చిక్కుపడ్డాం. ఎవరు? నాకు ఆయన మోపెడ్ గుర్తుంది. ఆవిడకు ఆయన భార్య పెట్టిన గోంగూర గుర్తుంది. మోపెడ్ అంటే పిఠాపురం, గోంగూర అంటే ఆ ఇంటి వసారా, వసారా అంటే బ్యాంకు ఉద్యోగం... ఒకరి మాట ఇంకొకరి తలుపు తడుతూ పోయి, చివరికి పేరు ఇద్దరి నోటా ఒక్కసారే వచ్చింది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని బాగానే పరిశీలించారు. మామూలుగా నలుగురు కలిసి గుర్తుచేసుకుంటే, విడివిడిగా చెప్పినవాటిని పోగేసినదానికన్నా తక్కువే వస్తుందట, ఒకరి వరస ఇంకొకరు తెంచుతారు గనుక. కానీ 2011లో ఆస్ట్రేలియాలో వయసు మళ్లిన దంపతుల మీద చేసిన అధ్యయనంలో, ఒకరి మాటను ఇంకొకరు అందుకుని పొడిగించే జంటలకు కలిసి కూర్చోవడం మేలే చేసింది. అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నర్ 1980ల్లోనే చెప్పాడు, కలిసి బతికేవాళ్లు జ్ఞాపకాల్ని పంచుకుని మోస్తారని. చుట్టరికాలన్నీ మా ఆవిడ వాటా, బండ్లూ ఊళ్లూ నా వాటా.

ఆ బట్టతల ఆయన పేరు టేపు మీద ఎక్కడా లేదు. టేపుకు తెలిసింది వెలుగూ శబ్దమూ మాత్రమే.

అందుకని మీ ఇంట్లో కాసెట్లుంటే ఇప్పుడే బయటికి తీయండి. కొత్త వీసీఆర్లు దొరకవు. ప్రపంచంలో చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. పాత మిషను ఒకటి సంపాదించి, వైర్లతో కంప్యూటరుకు కలిపి, 720×576 కొలతలో, మరీ కుదించకుండా ఎక్కించండి. నకలు రెండు చోట్ల పెట్టండి. బూజు పట్టినవి తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాకే ఆడించండి. మిగిలిన కాసెట్లు అటక మీద కాదు, పొడి అలమరాలో నిలువుగా నిలబెట్టండి. మూడు గంటల కాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే మీట లేదు. ఆ మూడు గంటలూ ఇంట్లో పెద్దవాళ్లిద్దర్నీ టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కన ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి, బకెట్టు పట్టుకున్నది ఎవరో అడగండి.